ఓటరుకు ఏం తెలుసు? ఏం తెలియాలి?

— హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. రాజనీతి శాస్త్రం

వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటి వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు అడిగారు. పోటీ పరీక్షలకు పనికొచ్చేలా ఉంటే మంచిదన్నారు. పరీక్షలతో పాటు పద్దెనిమిదేళ్ళు నిండిన రోజు నుంచి బతికినంత కాలం పనికొచ్చే విషయం ఒకటి ఎంచుకున్నాను. ఎన్నికల్లో నిలబడిన మనిషి గురించి, ఆ ఎన్నికలో తేలవలసిన సమస్య గురించి ఓటు వేసే మనకు ఎంత తెలుసు అన్నదే ఆ విషయం.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. 2024 మే 13న మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్ జరిగింది. నాకు అదే మొదటి ఓటు. మేము సీతమ్మధారలో కొండవాలున ఉన్న చిన్న ఇళ్ళలో ఒకదానిలో ఉంటాం. అమ్మ కింద అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ళల్లో పని చేస్తుంది. నాన్న పోర్టులో రోజుకూలీ. ఇద్దరికీ సంతకం మించి చదువు లేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే. ఆ గర్వంతోనే పోలింగ్‌కు వారం ముందు నెట్ సెంటర్‌కు వెళ్ళి, మా నియోజకవర్గంలో పోటీ చేస్తున్న కొందరు అభ్యర్థుల అఫిడవిట్లు ప్రింటు తీయించాను. పేజీకి మూడు రూపాయల చొప్పున జేబు ఖాళీ అయింది.

ఆ రాత్రి అమ్మ ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో ఉన్నవాటిని తెలుగు చేసి చెప్పాను. చరాస్తులు, స్థిరాస్తులు, హిందూ అవిభక్త కుటుంబం, ఆధారపడినవారు... రెండు పేజీలు అయ్యేసరికి అమ్మ, "ఒరే, ఇదేటి భాష? తెలుగేనా?" అంది. ఒక్కొక్క మాటకు అర్థం చెప్పి, ఆమె తిరిగి తన మాటల్లో అన్నది ఎర్ర పెన్నుతో పక్కన రాసుకుంటూ వెళ్ళాను. అంతా విన్నాక అమ్మ ఊరుకోలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వారం రోజులు కరెంటు, నీళ్ళు లేనప్పుడు ఏ పార్టీ మనుషులు కొండెక్కి నీళ్ళ ప్యాకెట్లు ఇచ్చారో, ఎవరు కింద రోడ్డు మీదే ఫొటో తీయించుకుని పోయారో పదేళ్ళ తర్వాత కూడా పేరు పేరునా చెప్పింది. చివరికి, "ఇయన్నీ సరే గాని, మనం ఫోను చేస్తే ఎత్తుతాడా లేదా అన్నది ఈ కాగితంలో రాసేడా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

మా ఇద్దరిలో తెలిసిన ఓటరు ఎవరు? ఎం.ఏ. చదువుతున్న నాకు వెంటనే తేలలేదు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

చదువు రానివారు తెలియనివారా?

"చదువు లేనివాళ్ళకు ఓటెందుకు?" అనే మాట మీరు కూడా వినే ఉంటారు. బస్సులో వింటాం, టీ దుకాణం దగ్గర వింటాం, అప్పుడప్పుడు మన తోటి విద్యార్థుల నోటే వింటాం. ఈ మాట కొత్తది కాదు. బ్రిటిష్ వారి కాలంలో ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్న కొద్దిమందికే ఓటు ఉండేది. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యం చెప్పినప్పుడే డాక్టర్ అంబేడ్కర్, ఓటు అర్హతలను అంత ఎత్తున పెడితే అంటరానివారు శాశ్వతంగా బయటే ఉండిపోతారని వాదించారు. 1928, 1929లలో సైమన్ కమిషన్ విషయంలో ఆయన ఇంకా ముందుకు వెళ్ళి వయోజనులందరికీ ఓటు కావాలన్నారు. ఒక మనిషికి చదువు అందకుండా చేసి, ఆ చదువు లేదనే కారణంతో ఓటు కూడా తీసేయడం రెండింతల అన్యాయమన్నది ఆయన వాదన సారాంశం. ఆయన సాంఘిక అనుభవం నుంచి వచ్చిన ఈ వాదనను మన హాస్టళ్ళ పిల్లలకు వేరే ఉదాహరణలతో వివరించనక్కరలేదు.

1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. ఆ పరిస్థితిలోనే 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలు. పేరు చదవలేని వారి కోసం ఎన్నికల గుర్తులు పెట్టారు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో బ్యాలెట్ పెట్టె, దాని మీద అతని గుర్తు ఉండేది. ఓటరు తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వచ్చేసేవాడు. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యను, ఫలానావారి కూతుర్ని అని మాత్రమే రాయించారు. అలా సొంత పేరు లేని దాదాపు 28 లక్షల మంది స్త్రీల నమోదును నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ జాబితా నుంచి తీసేయించారు. ఓటరు అభ్యర్థి పేరు తెలుసుకోవడం తర్వాతి సంగతి, ముందు ప్రభుత్వానికి ఓటరు పేరు తెలియాలి కదా!

గుర్తు చాలా మేలు చేసింది. కానీ గుర్తు మీదే ఆధారపడితే వచ్చే చిక్కు కూడా ఉంది. 2019లో తెలంగాణలోని భువనగిరి లోక్‌సభ స్థానంలో గెలుపు తేడా 5,219 ఓట్లు. అక్కడ రోడ్డు రోలర్ గుర్తు మీద నిలబడిన అభ్యర్థికి 27 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. ఓడిపోయిన పార్టీ గుర్తు కారు. ఆ ఓట్లలో ఎన్ని పొరపాటున పడినవో ఎవరూ తేల్చలేరు గాని, ఆ పార్టీ వారు రోడ్డు రోలర్ గుర్తు మీద ఫిర్యాదులు చేశారు. ఒకే పేరున్న వాళ్ళను పోటీలో నిలబెట్టి ఓటరును తికమక పెట్టడమూ మనకు తెలిసిందే. అందుకే 2015 మే నుంచి ఓటింగ్ యంత్రం మీది బ్యాలెట్ కాగితంలో అభ్యర్థి ఫొటో కూడా అచ్చు వేస్తున్నారు.

తెలుసుకునే హక్కు ఎలా వచ్చింది?

ఇక్కడి నుంచి కొంచెం శ్రద్ధగా చదవండి. గ్రూప్స్ రాసేవారు తేదీలు రాసుకోండి.

అభ్యర్థి మీద ఎన్ని కేసులున్నాయి, ఎంత ఆస్తి ఉంది, ఏం చదివాడు అన్న వివరాలు ఓటరుకు ఇవ్వాలనే నియమం 2002 దాకా లేదు. అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. ప్రొఫెసర్లు కొందరు 1999లో అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ పెట్టి, ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2000లో హైకోర్టు ఒప్పుకుంది. కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2002 మే 2న సుప్రీంకోర్టు కూడా ఓటరు పక్షానే తీర్పు ఇచ్చింది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద ఉన్న భావప్రకటన స్వేచ్ఛలోనే ఓటరు తెలుసుకునే హక్కు ఇమిడి ఉందన్నది దాని ఆధారం. ఓటు వేయడమంటే అభిప్రాయం చెప్పడమే. ఏమీ తెలియకుండా అభిప్రాయం ఎలా చెప్తాం?

తర్వాత జరిగిందే అసలు కథ. ఏ విషయంలోనూ కలవని పార్టీలు ఈ ఒక్క విషయంలో కలిశాయి. ఆ తీర్పు ప్రభావాన్ని తగ్గిస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు దాన్ని ఒకసారి తిప్పి పంపారు. మళ్ళీ పంపితే 2002 ఆగస్టు 24న సంతకం చేయవలసి వచ్చింది. కోర్టులు ఏం చెప్పినా చట్టంలో ఉన్న వివరాలు తప్ప మరేవీ అభ్యర్థి ఇవ్వనక్కరలేదు అని చెప్పే 33బి సెక్షన్ అలా ప్రజాప్రాతినిధ్య చట్టంలోకి వచ్చింది. 2003 మార్చి 13న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. మనం ఈ రోజు ప్రింటు తీసుకునే అఫిడవిట్ వెనుక ఇంత పోరాటం ఉంది.

తర్వాత ఒక్కొక్కటే కలిశాయి. ఖాళీలు వదిలేసిన అఫిడవిట్‌ను, చెప్పినా పూర్తి చేయకపోతే రిటర్నింగ్ అధికారి తిరస్కరించవచ్చని 2013 సెప్టెంబరు 13న, ఎవరూ నచ్చలేదని చెప్పే నోటా మీట ఉండాలని అదే నెల 27న తీర్పులు వచ్చాయి. నేరచరిత్ర ఉన్న అభ్యర్థి ఆ వివరాలను పత్రికల్లో, టీవీల్లో ప్రకటించాలని 2018లో, అలాంటివారిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు కారణం చెప్పాలని 2020లో కోర్టు ఆదేశించింది. పార్టీలకు ఎవరు విరాళం ఇచ్చారో తెలియనివ్వని ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న రద్దు చేసింది. అన్నీ ఓటరు వైపే వచ్చాయనుకోకండి. 2024 ఏప్రిల్‌లో అరుణాచల్ ప్రదేశ్ కేసు ఒకదానిలో, అభ్యర్థికి ఉన్న ప్రతి చిన్న వస్తువూ తెలుసుకునే సంపూర్ణ హక్కు ఓటరుకు లేదని కూడా ఆ కోర్టే చెప్పింది. దాంతో నాకు పెద్ద పేచీ లేదు. మనకు కావలసింది అభ్యర్థి చొక్కాల లెక్క కాదు.

అఫిడవిట్ చదవడం ఎలా?

దీన్ని ఫారం 26 అంటారు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ, నో యువర్ క్యాండిడేట్ అనే మొబైల్ యాప్‌లోనూ దొరుకుతుంది. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద కూడా పెడతారు. ఇరవై, ముప్పై పేజీలు చూసి భయపడకండి. ముందు చివరికి వెళ్ళండి. "బి" భాగంలో అంతా సంక్షిప్తంగా ఉంటుంది. అది చదివాక అనుమానం వచ్చినచోట "ఎ" భాగానికి వెనక్కి రండి.

కేసుల దగ్గర మనవాళ్ళు రెండు రకాల తప్పులు చేస్తారు. ఒకరు సంఖ్య చూసి అభ్యర్థిని దొంగ అనేస్తారు, ఇంకొకరు "రాజకీయాల్లో ఇవన్నీ మామూలే" అని వదిలేస్తారు. సంఖ్య కాదు, సెక్షన్ చూడాలి. పాత శిక్షాస్మృతిలో 143 అంటే చట్టవిరుద్ధంగా గుమిగూడడం, 341 అంటే దారి అడ్డగించడం, 188 అంటే అధికారి ఉత్తర్వు ధిక్కరించడం. స్కాలర్‌షిప్ కోసం కలెక్టరేట్ ముందు ధర్నా చేసిన మన విద్యార్థి నాయకుల మీద కూడా ఇవే పడతాయి. 302 హత్య, 307 హత్యాయత్నం, 406 నమ్మకద్రోహం, 420 మోసం. ఇవి వేరే సంగతి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కనుక కొత్త కేసుల్లో నంబర్లు మారాయి. హత్య 103, హత్యాయత్నం 109, మోసం 318 అయ్యాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు ఉందేమో ప్రత్యేకంగా చూడండి. మన వాడకు వచ్చి దండం పెట్టే మనిషి గురించి ఆ ఒక్క వరస చాలా చెప్తుంది. అలాగే కోర్టు అభియోగాలు నమోదు చేసిందా, ఇంకా ఎఫ్.ఐ.ఆర్. దశలోనే ఉందా అన్నది కూడా రాసి ఉంటుంది. కేసు ఉన్నంత మాత్రాన నేరస్థుడు కాడన్నది మరవకూడదు. తప్పుడు కేసులు ఎవరి మీద ఎక్కువ పడతాయో మనకు చెప్పేవాళ్ళు అక్కరలేదు.

ఆస్తుల దగ్గర మొత్తం కంటే తేడా ముఖ్యం. ఒకే వ్యక్తి రెండు ఎన్నికల్లో నిలబడితే అయిదేళ్ళ కిందటి అఫిడవిట్ కూడా తీసి పక్కపక్కన పెట్టండి. భూమి ధర పెరగడం వల్ల ఆస్తి పెరగడం ఒకటి. విశాఖలో స్థలం ఉన్నవారికి ఊరికే కూర్చున్నా పెరుగుతుంది. కొత్తగా కొన్న భూములు, కొత్తగా వచ్చిన వాటాల వల్ల పెరగడం ఇంకొకటి. అందుకే కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి విలువ వేర్వేరుగా అడుగుతారు. 2019 నుంచి అభ్యర్థి అయిదేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం కూడా రాయాలి. భార్య లేదా భర్త గడి తప్పకుండా చదవండి. చాలామంది ఆస్తి అక్కడే ఉంటుంది. ప్రభుత్వానికి కట్టవలసిన బాకీలు, ప్రభుత్వ కాంట్రాక్టులు, ఆదాయ మార్గాలు అనే గడులు కూడా ఉంటాయి. రోడ్డు కాంట్రాక్టు చేసే కుటుంబం రోడ్డు గురించి మాట ఇస్తుంటే మనకు ఆ సంగతి తెలిసి ఉండడం మంచిది.

చదువు గడి దగ్గర ఎక్కువసేపు ఆగవద్దు. నేను మొదట అక్కడే ఆగాను, పట్టా మీద మోజు కొద్దీ. తప్పుడు వివరాలు ఇస్తే 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అఫిడవిట్‌లో లేనిది కూడా తెలుసుకోవాలి. సభకు ఎన్ని రోజులు వెళ్ళాడు, ఏం ప్రశ్నలు అడిగాడు అన్నది అందులో ఉండదు. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల స్థానిక అభివృద్ధి నిధి ఉంటుంది. అందులో కనీసం 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు సిఫారసు చేయాలని నిబంధన. మన వాడలో ఆ 15 శాతం ఎక్కడ కనిపిస్తోందని అడిగిన ఓటరును నేనింకా చూడలేదు. నేను కూడా అడగలేదు, నిజం చెప్పాలంటే. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది కాబట్టి అడిగేందుకు దారి మాత్రం ఉంది.

ఉక్కు కర్మాగారం, వార్డు ఎన్నిక

ఇంతవరకు మనిషి గురించి చెప్పాను. సమస్య గురించి తెలుసుకోవడం ఇంకా కష్టం. మన ఊళ్ళోనే జరిగిన ఉదాహరణ చూద్దాం.

మహా విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. 2012లో పాలకవర్గం గడువు ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. అంటే తొమ్మిదేళ్ళు ఊరికి మేయర్ లేడు, వార్డుకు కార్పొరేటర్ లేడు. నా వయసు వాళ్ళకు కార్పొరేటర్ అంటే ఎవరో, ఏం చేస్తారో చూసిన జ్ఞాపకమే లేదు. అలాంటి ఊళ్ళో 98 వార్డులకు ఒక్కసారి ఎన్నికలు వచ్చాయి.

సరిగ్గా ఆ సమయంలోనే పిడుగు పడింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటాను నూరు శాతం అమ్మేందుకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 1966లో 32 మంది ప్రాణాలు ఇచ్చి తెచ్చుకున్న కర్మాగారం. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైంది. దాని గేటు ముందు టీ అమ్ముకునేవారి నుంచి అందులో ఇంజనీర్ల దాకా ఎన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయో! ప్రభుత్వరంగ సంస్థ కాబట్టి ఉద్యోగాల్లో రిజర్వేషన్లు ఉన్నాయి. అమ్మేస్తే ఆ నియమం పోతుంది. మన హాస్టల్ గదుల్లో రాత్రి పదకొండింటిదాకా చర్చ అదే. మార్చి 8న, పోలింగ్‌కు రెండు రోజుల ముందు, పార్లమెంటులో కేంద్రం ఇచ్చిన రాతపూర్వక సమాధానంలో ఆ నిర్ణయాన్ని మళ్ళీ స్పష్టం చేసింది. ఊరు అట్టుడికిపోయింది.

దాంతో వార్డు ఎన్నికల ప్రచారం ఉక్కు ప్రచారం అయిపోయింది. సీతమ్మధార రైతుబజారు ముందు ఆగిన ప్రచార ఆటోల మైకుల్లో నేను విన్నది ఎక్కువగా ఉక్కు గురించే. కానీ ఉక్కు కర్మాగారం యజమాని కేంద్ర ప్రభుత్వం. నగరపాలక సంస్థకు దాని మీద ఏ అధికారమూ లేదు. తాగునీరు, మురుగు కాలువ, వీధి దీపం, చెత్త, ఇంటి పన్ను, ఇంటి ప్లాను, ఇవీ కార్పొరేషన్ పనులు. ఆ ఏడాది ఇంటి పన్ను విషయంలో పెద్ద మార్పే ఉంది. అంతవరకు ఇంటికి వచ్చే అద్దె విలువను బట్టి వేసే పన్నును ఇంటి మూలధన విలువను బట్టి వేసేలా 2020 నవంబరులోనే రాష్ట్రంలో చట్టం మారింది. 2021 ఏప్రిల్ నుంచి అమలు. అంటే ఎన్నికలు అయిన మూడు వారాలకు. మా వీధికి ఓటు అడగడానికి వచ్చినవారిని దాని గురించి ఎవరూ అడగగా నేను వినలేదు. నాకూ తెలియదు. తర్వాత పేపర్లో గొడవ చదివి తెలుసుకున్నాను.

అయితే ఓటర్లు తెలివితక్కువగా ప్రవర్తించారా? మా ప్రొఫెసర్ గారి క్లాసులో ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను కాదనే వాదించాను. ఆ నెలలో విశాఖ ప్రజల చేతిలో ఉన్న ఓటు అదొక్కటే. పార్లమెంటు ఎన్నికలు మూడేళ్ళ దూరం. గుండె మండినప్పుడు చేతిలో ఉన్న కాగితం మీదే రాస్తాం. కార్మికులకు ఆ సంగతి బాగా తెలుసు, తెలిసే వేశారు. 2025 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. దాని వెనుక ఎవరి పాత్ర ఎంత అని పార్టీలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నాయి. నాకు బాధ కలిగించేది వేరు. తెలిసి ఉక్కు కోసం వేసినవారు ఎందరో ఉన్నారు. కానీ కార్పొరేటర్ ఉక్కును ఆపగలడని నమ్మి వేసినవారూ మా కొండ మీద ఉన్నారు. వాళ్ళ నమ్మకాన్ని సరిచేసే బాధ్యత ఏ ఆటో మైకూ తీసుకోలేదు.

మన సంగతే చూసుకుందాం. నేను ఇంటర్ చదివేటప్పుడు ఉన్న ఒక హాస్టల్లో మోటారు కాలిపోయి, నీళ్ళకు నెలరోజులు ఇబ్బంది పడ్డాం. వినతిపత్రం రాసి దొరికిన నాయకుడికల్లా ఇచ్చాం. తీసుకున్న ప్రతి ఒక్కరూ "చూస్తాం తమ్ముడూ" అన్నారు. ఎవరిది ఆ పని అన్నది వాళ్ళకు తెలియదో, తెలిసీ చెప్పలేదో గాని, మాకు మాత్రం తెలియదు. చివరికి ఒక చిన్న గుమస్తా ఏ ఆఫీసులో, ఎవరి పేరున కాగితం పెట్టాలో చెప్పాడు. అతనికి ఓట్లు అక్కరలేదు కదా!

అందుకే ఇది గుర్తుంచుకోండి. హాస్టల్ భవనం, మెస్ ఛార్జీలు, వార్డెన్ నియామకం రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖవి, కాబట్టి ఎమ్మెల్యేను అడగాలి. హాస్టల్ ముందు వీధి దీపం, కాలువ కార్పొరేషన్‌వి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరించాలని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. కనుక అది ఆలస్యమైతే ఎంపీనీ అడగవచ్చు, ఎమ్మెల్యేనూ అడగవచ్చు. ఒకరి మీద ఒకరు చెప్పుకోకుండా ఎవరి వాటా ఎప్పుడు విడుదలైందో తేదీలతో సహా అడగాలి.

తెలుసుకునే ఓపిక ఎవరికుంది?

అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లో ఒక మాట చెప్పాడు. లక్షల ఓట్లలో నా ఒక్క ఓటుతో ఫలితం మారదు, తెలుసుకోవడానికి మాత్రం నా సమయం, డబ్బు ఖర్చవుతాయి, కాబట్టి తెలుసుకోకుండా ఉండిపోవడం ఓటరు లెక్క ప్రకారం సబబే అన్నాడు. క్లాసులో విన్నప్పుడు కోపం వచ్చింది. కానీ ఉదయం ఐదింటికి లేచి నాలుగిళ్ళ అంట్లు తోమి వచ్చే మా అమ్మను ముప్పై పేజీల అఫిడవిట్ చదవమని ఎవరైనా అంటే దానికంటే ఎక్కువ కోపం వస్తుంది. అమ్మ తెలుసుకోవడానికి బద్ధకించలేదు. ఆమెకు అందే రూపంలో ఆ వివరాలు ఎవరూ ఇవ్వలేదు.

అందే రూపంలో ఇస్తే ఏమవుతుంది? 2008 ఢిల్లీ అసెంబ్లీ ఎన్నికల ముందు అభిజిత్ బెనర్జీ, రోహిణీ పాండే తదితర ఆర్థికవేత్తలు సతర్క్ నాగరిక్ సంఘటన్ అనే సంస్థతో కలిసి ఒక ప్రయోగం చేశారు. సమాచార హక్కు ద్వారా సంపాదించిన ఎమ్మెల్యేల పనితీరు వివరాలను రిపోర్టు కార్డుల్లాగా హిందీ పత్రికలో వేయించి, కొన్ని మురికివాడల్లో ఇంటింటికీ ఉచితంగా ఇచ్చారు. చదువు రానివారి కోసం చదివి వినిపించారు కూడా. ఇచ్చిన చోట్ల, ఇవ్వని చోట్లతో పోలిస్తే ఎక్కువమంది ఓటు వేశారు, ఓటుకు నోటు పంపకం తగ్గింది, బాగా పనిచేసిన ఎమ్మెల్యేలకు ఓట్లు పెరిగాయి. మురికివాడ ఓటరు డబ్బుకే వేస్తాడని తేలికగా అనేవారు ఈ సంగతి చదవాలి.

ఒక్కోసారి ఓటర్లే సమస్యను బ్యాలెట్ మీదికి తెచ్చారు. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంకరపోయిన నల్లగొండ జిల్లాలో, 1996 లోక్‌సభ ఎన్నికలకు ఏకంగా 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. ఆ ఏడాదే చట్టం సవరించి, లోక్‌సభకు 500 రూపాయలున్న డిపాజిట్‌ను 10,000 చేశారు. నల్లగొండ నీళ్ళ గురించి దేశమంతా తెలుసుకుంది గాని, ఆ దారిలో ఇంకొకరు రాకుండా గేటు కూడా పడింది.

చివరగా హాస్టల్ విద్యార్థులకు పనికొచ్చే రెండు సంగతులు. ఓటు నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. పదిహేడేళ్ళు నిండినప్పుడే ఫారం 6 ముందుగా పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండేవారు సొంత ఊళ్ళో గాని, హాస్టల్ చిరునామా మీద గాని, ఎక్కడో ఒకచోటే నమోదు చేసుకోవాలి. ఇక్కడ చేసుకుంటే కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేయాలి. సీతమ్మధారలో ఎక్కువ భాగం విశాఖ ఉత్తర అసెంబ్లీ నియోజకవర్గంలోకి వస్తుంది. ఏ బూత్ అన్నది నమోదయ్యాక జాబితాలో చూసుకోండి.

నేను ప్రింటు తీయించిన అఫిడవిట్లలో ఒకదానికి పేరు, ఫొటో కొట్టేసి జిరాక్స్ కాపీ మన రీడింగ్ రూములో పెట్టాను. కరెంట్ అఫైర్స్ పుస్తకాల పక్కన, నీలం రంగు ఫైల్లో ఉంది. ఎర్ర సిరా రాతలు అమ్మ చెప్పినవి. చరాస్తి పక్కన "పట్టుకెళ్ళిపోగలిగింది", స్థిరాస్తి పక్కన "కదలనిది", ఆధారపడినవారు పక్కన "మన మీద బతికేవోళ్ళు" అని ఉంటుంది. హిందూ అవిభక్త కుటుంబం పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.